శుక్రవారం నాడు నాగార్జునకొండ

శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. ఈ ఒక్క ముక్క ముందుగా తెలుసుకోకపోవడం వల్ల, గుంటూరులో మాచర్ల రైలెక్కి, మాచర్లలో దిగి ఆటో మాట్లాడుకుని, విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ దాకా వెళ్లి, మూసి ఉన్న టికెట్ కిటికీ ముందు మా అమ్మతో సహా నిలబడవలసి వచ్చింది. సాగర్ జలాశయం మధ్యలో ఉన్న కొండకు ఈ రోజు లాంచీ పోదని పక్కనే టీ కాస్తున్న ఆయన చెప్పాడు. మా ఆటో డ్రైవరు ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా "నాకు తెలుసు సార్, మీరు అడగలేదు గదా" అన్నాడు. దారి పొడుగునా పత్తి ధర గురించీ, మిరప తోటలకు పట్టిన తెగులు గురించీ ఆగకుండా మాట్లాడిన మనిషి ఆ సంగతి ఒక్కటీ ఎందుకు దాచుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయితే ఆ పొరపాటే మా ప్రయాణాన్ని చక్కదిద్దింది. శుక్రవారం కాకపోయి ఉంటే అందరిలాగే మేమూ లాంచీ ఎక్కి, మ్యూజియంలో గంటసేపు తిరిగి, ఎత్తిపోతల జలపాతం దగ్గర రెండు ఫొటోలు దిగి, అదే సాయంత్రం తిరుగుదారి పట్టేవాళ్లం. అనుపు అనే చోటు ఒకటి ఉందని కూడా తెలిసేది కాదు.

ఈ యాత్ర నిజానికి మా అమ్మ కోసం పెట్టుకున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన ఏడాదే ఆమె పుట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. మా తాతయ్యది రాళ్లు చెక్కే పని. యంత్రాల మీద కన్నా మనుషుల చేతుల మీద ఎక్కువగా లేచిన ఆ రాతి కట్టడంలో వేలాది మందిలో ఆయనా ఒకడు. అమ్మ బాల్యమంతా కుడి గట్టున పనివాళ్ల పాకల్లో గడిచింది. అందువల్ల విజయపురి సౌత్ అనే పేరు ఆమె నోట ఎన్నడూ రాదు, రైట్ బ్యాంకు అనే అంటుంది. పెళ్లయి వెళ్లిపోయాక మళ్లీ ఇటు రాలేదు. లాంచీ లేదని తెలిసినప్పుడు నేను నొచ్చుకున్నంతగా ఆమె నొచ్చుకోలేదు. "కొండ యాడికి పోతది, రేపు చూద్దాం" అని టీ అడిగింది.

ఆటోను వెనక్కి తిప్పించి ముందు ఎత్తిపోతలకు వెళ్లాము. సాగర్ నుంచి మాచర్ల రోడ్డులో పదకొండు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు నుంచి కొద్దిగా లోపలికి ఉంటుంది. మాచర్ల చెన్నకేశవస్వామి గుడిని ఆనుకుని పారే చంద్రవంక వాగే, నక్కలవాగు, తుమ్మలవాగులతో కలిసి ఇక్కడ డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆ తర్వాత కృష్ణలో కలుస్తుంది. పేరు దగ్గరే నాకొక చిక్కు వచ్చింది. మన ఇంజినీర్ల భాషలో ఎత్తిపోతల అంటే కింది నీటిని పైకి తోడిపోయడం. ఇక్కడ నీళ్లు పై నుంచి కిందికి పడుతున్నాయి. ఇది మునులు తపస్సు చేసిన స్థలమనీ, 'యతి తపోతలం' అనే మాటే జనం నోళ్లలో నలిగి ఎత్తిపోతల అయిందనీ స్థానికులు చెబుతారు. నాకంత నమ్మకం కలగలేదు గానీ, ధారకు ఎదురుగా ఉన్న గట్టు మీద నిలబడి చూస్తే ఆ పేరు సంగతి ఇట్టే మరుగున పడిపోతుంది. డిసెంబరు కావడంతో నీళ్లు నిండుగా ఉన్నాయి. పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాతి అంచు మీదుగా అవి ఒకే ధారగా కాకుండా నాలుగైదు పాయలుగా జారుతున్నాయి. కింద మడుగులో మొసళ్లు ఉన్నాయి, అక్కడ వాటి సంరక్షణ కేంద్రం ఉంది. అందువల్ల నీళ్లలోకి దిగాలనే ఆలోచన ఎవరూ పెట్టుకోకూడదు. మేము అరగంట కూర్చున్నా ఒక్క మొసలీ కనబడలేదు. ఎండలో మెరుస్తున్న ఒక బండను మాత్రం చాలాసేపు మొసలి అనుకున్నాము.

అనుపును గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సాగర్‌కు వచ్చేవాళ్లలో సగం మంది కూడా అక్కడికి వెళ్లరు. విజయపురి సౌత్ నుంచి కొన్ని కిలోమీటర్ల దూరంలో, జలాశయం ఒడ్డునే ఉంటుంది. కృష్ణ కుడి గట్టున, మూడు వైపులా నల్లమల కొండలు చుట్టుకున్న లోయలో, క్రీస్తు తర్వాత మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఈ వంశంలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, ఆయన కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనవడు ఎహువల శాంతమూలుడు ముఖ్యులు. రాజులు తమ పేరుకు ముందు తల్లి గోత్రం చెప్పుకోవడం శాతవాహనుల నుంచి వచ్చిన అలవాటే. 1926లో ఆ లోయలో శిథిలాలున్నట్టు బయటి లోకానికి తెలిసింది. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. ఆనకట్ట కడితే లోయ అంతా మునిగిపోతుందని ఖాయమైన తర్వాత, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ నీళ్లు రాకముందే తవ్వడానికి వీలైనంతా తవ్వింది. బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైన వాటిని విప్పి, కొన్నిటిని కొండ మీదికీ, కొన్నిటిని అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు.

అనుపులో మొదట కనిపించేది విహారం. మధ్యలో స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల గదుల ఇటుక గోడలు. స్థానికులు దీన్ని విశ్వవిద్యాలయం అంటారు. దాని కన్నా నన్ను ఆపేసింది రంగస్థలం. నాలుగు పలకల మైదానం, చుట్టూ నాలుగు వైపులా మెట్ల వరుసలు. అమ్మను పైవరుసలో కూర్చోబెట్టి నేను కింద మధ్యలోకి వెళ్లి, గొంతు పెంచకుండా "మంచినీళ్ల సీసా నీ దగ్గరే ఉందా?" అని అడిగాను. అంత దూరం నుంచీ ఆమె "ఉంది, నువ్వు ఎండలో నిలబడబాక" అని మామూలు గొంతుతోనే జవాబిచ్చింది. ఆ మాట నా చెవి పక్కన చెప్పినట్టే వినిపించింది. ఇక్కడ ఏ ఆటలు ఆడారో, ఏ నాటకాలు వేశారో గానీ, కట్టిన వాళ్లకు శబ్దం సంగతి తెలుసు.

అక్కడే హారీతి గుడి ఉంది. హారీతి పిల్లలను ఎత్తుకెళ్లి తినే యక్షిణి. ఆమె కడసారపు బిడ్డను బుద్ధుడు దాచిపెడితే, బిడ్డ కోసం తల్లడిల్లి, తక్కిన తల్లుల బాధ తెలుసుకుని, ఆ తర్వాత పిల్లలను కాపాడే దేవత అయింది. ఈ కథ చెప్పగానే అమ్మ "మన పోలేరమ్మ లాంటిదన్న మాట" అని చేతులు జోడించింది. నేను చదివిన వ్యాసాల్లో హారీతి గురించి ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి విజయపురి సౌత్‌లోనే ఒక లాడ్జిలో ఉన్నాము. దాని గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు, రాత్రంతా దోమలు తప్ప.

మరునాడు శనివారం తొమ్మిది గంటలకు ముందే లాంచీ స్టేషన్‌కు చేరుకున్నాము. టికెట్ తీసుకోవడం కష్టం కాదు, లాంచీ బయలుదేరడమే కష్టం. సరిపడా జనం వచ్చేదాకా కదలదు. శని, ఆదివారాల్లో బడిపిల్లల బస్సులు వస్తాయి గనుక త్వరగా నిండుతుంది, మామూలు రోజుల్లో చాలాసేపు కూర్చోవలసి వస్తుందట. మా అదృష్టం కొద్దీ ఒక హైస్కూలు పిల్లలు వచ్చారు. లైఫ్ జాకెట్ తొడుక్కోవడానికి అమ్మ మొదట ఒప్పుకోలేదు. చీర మీద ఈ మూట ఏమిటని గొణిగింది. లాంచీ కుర్రాడు "పెద్దమ్మా, ఇది లేకపోతే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు" అనేసరికి మారుమాట లేకుండా తొడుక్కుంది. కొండ మీద భోజనం దొరుకుతుందనే నమ్మకం పెట్టుకోవద్దని లాడ్జి వాళ్లు చెప్పడంతో పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టించుకున్నాము. అది తెలివైన పనే అయింది.

లాంచీ ప్రయాణం దాదాపు ముప్పావు గంట. నది మీద పోతున్నట్టు ఉండదు, చెరువు మీద పోతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే కృష్ణకు ఇక్కడ ప్రవాహం కనిపించదు. పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు. నేను వెళ్లిన రోజు దానికి కొంచెం తక్కువగా ఉండి, ఒడ్డు వెంబడి కొండల పాదాలకు తెల్లటి గీత గీసినట్టు పాత మట్టం గుర్తు కనబడుతోంది. ఆకుపచ్చటి నీళ్లు, వాటి మీద ఒకటీ అరా నీటికాకులు, పుట్టిలో వల వేస్తున్న జాలరి. బడిపిల్లలు పాటలు పాడుతున్నారు. అమ్మ మాత్రం నీళ్ల వైపే చూస్తూ కూర్చుంది. ఈ నీళ్లు లేనప్పుడు తన తండ్రితో ఒకసారి ఎడ్లబండిలో ఈ లోయలోకి వచ్చిందట, ఇటుకల దిబ్బల పక్కన టోపీలు పెట్టుకున్న వాళ్లు తాళ్లతో కొలతలు తీస్తుండగా చూసిందట. అప్పటికి ఆమెకు నాలుగేళ్లో ఐదేళ్లో. ఆ వయసు జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో నేను చెప్పలేను గానీ, సంవత్సరాల లెక్క మాత్రం సరిపోయింది.

ఒకప్పుడు లోయ మధ్య నిలబడ్డ కొండకు ఇప్పుడు చుట్టూ నీళ్లు. అందుకే అది దీవి. రేవులో దిగి, తోటలోంచి పైకి నడిస్తే, మధ్యయుగం నాటి కోటగోడల శిథిలాలు దాటాక మ్యూజియం వస్తుంది. బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడని పిల్లల ఉపాధ్యాయుడు గట్టిగా చెబుతున్నాడు. కొండకు ఆయన పేరు తర్వాతి సంప్రదాయం పెట్టినదే గానీ, ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన ప్రస్తావన లేదు. పిల్లల ముందు ఆ మాట ఎత్తడం బాగుండదని ఊరుకున్నాను.

మ్యూజియంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది లోయ నమూనా. ఏ విహారం ఎక్కడ ఉండేదో, రంగస్థలం ఏ గుట్ట పక్కన ఉండేదో, నది ఎటు మలుపు తిరిగేదో అందులో తెలుస్తుంది. ముందు రోజు అనుపు చూసి వచ్చాము గనుక అది మాకు ఉత్త మట్టిబొమ్మగా కనిపించలేదు. తక్కిన యాత్రికులు దాని ముందు అర నిమిషం కన్నా ఆగలేదు. అందుకే నా అనుభవంలో అనుపు ముందు, కొండ తర్వాత. ఈ వరుస తప్పితే కొండ మీద చూసేవన్నీ విడివిడి రాళ్లే.

రాళ్లంటే గుర్తుకొచ్చింది. అమ్మ శిల్పాలను చూసిన తీరు వేరు. నేను ప్రతి ఫలకం కిందా రాసింది చదువుతుంటే, ఆమె రాయి రంగు చూస్తోంది. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, దగ్గరగా చూస్తే సన్నటి పొరలు. "ఇది మన నాపరాయే గదరా, మాచర్లది" అంది. ఆమె అన్నది నిజమే. అమరావతిలోనూ ఇక్కడా చెక్కిన రాయిని పల్నాటి సున్నపురాయి అంటారు. మా ఇంటి వసారాలో పరిచిన బండలు కూడా ఆ జాతివే. అది మెత్తటి రాయి, ఉలికి లొంగుతుంది, అందుకే ఇంత సన్నటి పని సాధ్యమయింది. బుద్ధుడి మహాభినిష్క్రమణం చెక్కిన ఫలకం ముందు ఆమె చాలాసేపు నిలబడింది. రాకుమారుడు అర్ధరాత్రి కంథకం అనే గుర్రమెక్కి ఇల్లు వదిలిపోతుంటే, డెక్కల చప్పుడుకు నగరం మేలుకోకుండా పొట్టి పొట్టి యక్షులు గుర్రం కాళ్లను అరచేతుల్లో ఎత్తి పట్టుకుంటారు. బొటనవేలంత ముఖాలు, ఆ ముఖాల్లో బరువు మోస్తున్న బిగువు, ఉబ్బిన బుగ్గలు. గుర్రం డెక్క అరచేతిలో ఆనిన చోట ఉలి ఎన్నిసార్లు జాగ్రత్తగా ఆగి ఉంటుందో, అక్కడ చెయ్యి జారితే ఫలకమంతా ఎలా వృథా అవుతుందో అమ్మ నాకు వేలు పెట్టి చూపించబోయింది. ముట్టుకోవద్దని కాపలాదారు అన్నాడు. "ముట్టుకోను నాయనా, చూపిస్తున్నా" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

మహాచైత్యాన్ని, అంటే ఇక్కడి పెద్ద స్తూపాన్ని, కట్టించిన వాళ్ల సంగతి వచ్చినప్పుడు ఆమెకు బాగా సరదా పుట్టింది. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో దాన్ని పూర్తి చేయించింది రాజు కాదు, రాజు మేనత్త శాంతిశ్రీ. ఆ తర్వాతి శాసనంలో ఆమె రాజును తన అల్లుడుగా చెప్పుకుంది, అంటే మేనల్లుడికే పిల్లనిచ్చింది. "అయితే మేనరికమే" అంది అమ్మ, పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆ కుటుంబంతో తనకు చుట్టరికం కలిసినంత ధీమాగా. ఇక్ష్వాకు రాజులు వైదిక యాగాలు చేసేవాళ్లు, మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. వాళ్ల ఇంటి ఆడవాళ్లు మాత్రం బౌద్ధ స్తూపాలకూ విహారాలకూ దానాలు ఇచ్చేవాళ్లు. బోధిశ్రీ అనే ఉపాసిక రాజవంశం మనిషి కూడా కాదు, అయినా ఆమె చేయించిన పనుల జాబితా ఒక శాసనమంత పొడుగుంది. ఆ శాసనాల ప్రాకృతం నాకు రాదు గానీ, కింది గీతలు తోకల్లా సాగి వంపు తిరిగిన ఆ బ్రాహ్మీ అక్షరాలను చదవలేకపోయినా చూస్తూ ఉండవచ్చు. అప్పుడు అమ్మ అడిగింది: "కట్టించినోళ్ల పేర్లు ఇన్ని రాశారు, చెక్కినోళ్ల పేరు ఒక్కటీ రాయలేదా?" నాకు వెంటనే ఏమీ తట్టలేదు, రాయరు అన్నాను.

మ్యూజియం బయట కొండ మీద తిరిగి కట్టిన చైత్యాలు, స్నానఘట్టం ఉన్నాయి. మహాచైత్యం పునాది బండిచక్రంలా ఉంటుంది. మధ్య నుంచి ఆకుల్లా ఇటుక గోడలు బయటి వలయం దాకా సాగుతాయి, ఆ గోడల నడుమ మట్టి నింపి పైన అండాకారం లేపేవాళ్లు. స్నానఘట్టం దగ్గర ముట్టుకోవద్దనేవాళ్లు లేరు. అమ్మ మెట్టు మీద కూర్చుని అరచేతితో బండ అంచు తడిమింది. రెండు బండలు కలిసిన చోట గోరు దూరదు. సున్నం కనిపించకుండా ఇంత బిగువుగా కూర్చడానికి ఒక్కో అంచును ఎన్నిసార్లు సరిచేస్తారో ఆమెకు తెలుసు, మా తాతయ్య పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసిన మనిషి. మేము పెరుగన్నం పొట్లాలు విప్పింది కూడా ఆ పక్కన చెట్టు కిందనే.

ఒక్కో లాంచీ వాళ్లకు కొండ మీద ఇచ్చే సమయం గంటకు కొంచెం అటూ ఇటూ. అది ఏ మూలకూ చాలదు. మా లాంచీ కూత వేసేటప్పటికి మేము ఇంకా స్నానఘట్టం దగ్గరే ఉన్నాము. తర్వాతి లాంచీలో వస్తామని టికెట్లు చూసే అతన్ని అడిగితే, "చోటుంటే ఎక్కండి సార్, లేకపోతే మళ్లీ నన్ను అనొద్దు" అన్నాడు. చోటు దొరికింది, కాకపోతే అమ్మకు కూర్చునే చోటు, నాకు నిలబడే చోటు.

లాంచీ సగం దూరం వచ్చాక, బయలుదేరే ముందు ఇంట్లో చదివిన బోధిశ్రీ శాసనం అనువాదం చివరి వాక్యం గుర్తుకొచ్చింది. పనులు పర్యవేక్షించిన ముగ్గురు స్థవిరుల, అంటే పెద్ద భిక్షువుల, పేర్లు చెప్పాక, ఇది రాతిపనివాడు విధికుడు చేసిన పని అని ఉంటుంది. ఆ పనివాణ్ని శాసనం 'సేలవఢకి' అంటుంది, వఢకి మన వడ్రంగికి దగ్గరి మాట. ఇంజను మోతలో ఆ పేరు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. "విధికుడా?" అని మళ్లీ అడిగి ఖాయం చేసుకుని, "ఒక్కడిదన్నా రాశారు" అంది అమ్మ.

మధ్యాహ్నం ఎడమ గట్టుకు, అంటే తెలంగాణ వైపుకు వెళ్లి, హిల్ కాలనీలో బుద్ధవనం చూశాము. 2022లో ప్రారంభమైన ఈ వనం 274 ఎకరాల్లో ఉంది. అమరావతి స్తూపం పోలికతో కట్టిన మహాస్తూపం, జాతక కథల తోట శ్రద్ధగా చేసిన పనే. అయితే పొద్దుటి నుంచి అసలు రాళ్లను చూసిన కళ్లకు కొత్త రాళ్లు ఆనలేదు. దాన్ని వేరే రోజుకు పెట్టుకోవలసింది.

ఆనకట్ట మీదికి ఎక్కనివ్వరు గనుక దాన్ని దిగువన వంతెన మీది నుంచే చూడాలి. 124 మీటర్ల ఎత్తున, రెండు కొండల మధ్య బూడిద రంగు గోడలా నిలబడి ఉంది. గేట్లన్నీ మూసి ఉన్నాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అమ్మ, 26 గేట్లని నేను చెప్పినా వినకుండా వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండో గేటు దగ్గర బస్సు మలుపు తిరిగింది.